రెండో బటన్

ఇన్నేళ్ళుగా ఒక మాటను గొంతులో అడ్డం పెట్టుకునే అన్నం తిన్నాను, దీపం పెట్టాను, పేరంటాలకు వెళ్ళాను, నవ్వాల్సిన చోట నవ్వాను. చిన్న మాటే. చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఒక్క ఊపిరి నాకు అందలేదు. మీరెవరో నాకు తెలియదు, అదే మేలనిపిస్తోంది. తెలిసినవాళ్ళ ముందు ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి మూసేశాను.

నా పేరు చెప్పను. ఆమె పేరు మార్చి శైలజ అంటాను. ఊరు మాత్రం దాచను. అమెరికాలో, జార్జియాలోని కమ్మింగ్. మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటిగా పెరుగుతున్న రోజులవి. మా ఇంటి పక్క ఇల్లే వాళ్ళది. మధ్యలో చెక్క కంచె, కంచెకు ఒక గేటు. వాళ్ళ పెరట్లోంచి కారు దగ్గరికి, రోడ్డుకి దారి ఆ గేటే. నేను చెప్పబోయేదంతా ఆ గేటు గురించే.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఇంటిపట్టున ఉండే ఆడమనిషికి ఈ వైర్ల గొడవ ఎందుకొచ్చిందని మీరు అనుకుంటారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపలేదు. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు, ప్రైవేటుగా పరీక్షలు రాయించాడు. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. లెక్కలు అయ్యాక టంకం వేయడం, టంకం అయ్యాక స్తోత్రం. మూడూ ఒకే బల్ల మీద నేర్చుకున్నాను. దేవుడు నాకు అన్నీ ఇంటి గుమ్మం లోపలే ఇచ్చాడని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఇచ్చినదానికి రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని. అది నటన కాదు. ఈ ఒక్క సంగతి నమ్మండి. మిగతావి మీ ఇష్టం.

శైలజ వాళ్ళది వరంగల్ వైపు. భర్త సుధాకర్‌ది పక్క ఊరు అల్ఫారెట్టాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని తల్లి వాళ్ళతోనే ఉండేది. అందరం మామ్మగారు అనేవాళ్ళం. ఆవిడ వెనకటి రోజుల్లో టీచరు. మతిమరుపు జబ్బు వచ్చాక మిగతావన్నీ పోయి బడి ఒక్కటే మిగిలింది. తెల్లవారితే చాలు, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చేసేది.

"గంట కొట్టిన్రా? ప్రేయర్‌కు లేటయితుంది."

"ఇయ్యాల ఐతారం అత్తమ్మా. బడి లేదు, దా, చాయ్ తాగుదువు," అనేది శైలజ. ప్రతిరోజూ ఐతారమే. విసుక్కోకుండా, కొత్తగా చెబుతున్నట్టే చెప్పేది. నాకైతే అంత ఓపిక లేదు.

ఒకసారి మామ్మగారు గేటు గడియ తీసుకుని రోడ్డు దాకా వెళ్ళిపోయింది. అప్పుడు సుధాకర్ కరెంటు గడియ తెచ్చి పెట్టించాడు. రెండు వైపులా అంకెల మీటలు. నాలుగంకెలు నొక్కితే గడియ నాలుక లోపలికి పోయి గేటు వదులవుతుంది, కాసేపటికి మళ్ళీ బయటికి వస్తుంది. ఆ అంకెలు ఎవరికీ చెప్పొద్దని అతని మాట. తల్లి గురించి అతని భయం అది. తప్పు పట్టను.

కానీ శైలజకి చిక్కొచ్చి పడింది. ఒక చేత్తో అత్తగారిని పట్టుకుని, ఇంకో చేత్తో సరుకుల సంచులు మోస్తూ ఆ మీటలు నొక్కడం కష్టం. "అక్కా, కారుకున్నట్టు దీనికొక రిమోట్ పెట్టరాదా?" అని నన్నే అడిగింది. నాకు ఎంత సంతోషమైందో! నా చేతిలో పని ఉందని గుర్తుపెట్టుకుని అడిగిన మొదటి మనిషి ఈ దేశంలో ఆమే.

వైర్లు లేని కాలింగ్ బెల్ ఒకటి తెప్పించాను. గంట మోగే డబ్బా విప్పి, స్పీకరు తీసేసి, అక్కడ ఒక రిలే పెట్టాను. బటన్ నొక్కితే గంట మోగే బదులు రిలే టక్కుమని కలుస్తుంది, గడియకు కరెంటు వెళుతుంది. అంతే. పెద్ద విద్యేం కాదు.

ఆ మధ్యాహ్నం నాకింకా బాగా గుర్తు. శైలజ టార్చి పట్టుకుని నిలబడింది.

"ఏందక్కా ఇది, బాంబు గింబు పెడ్తున్నవా మా గేటుకు?"

"కదలకుండా పట్టుకోవే తల్లీ. నీ చెయ్యి వణికితే కాలేది నా వేలు."

"మా ఆయనకు చెప్తే నెల రోజులు రీసెర్చ్ చేస్తడు. ఆఖరికి ఎవరినో పిలుస్తడు. నువ్వు సూడు, అన్నం పొయ్యి మీద పెట్టొచ్చి చేస్తున్నవ్."

"అయ్యో, నా అన్నం!" అని నేను పరుగెత్తాను. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు తర్వాత తర్వాత ఎలా పోయిందో నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

సంచులతో, ముసలావిడతో మెల్లగా నడిచి రావాలి కదా అని, గడియ ఎక్కువసేపు తెరిచి ఉండేలా ఒక పెద్ద కెపాసిటర్ వేశాను. దయతో చేసిన పని. అందులో ఒక లోపం ఉంది, అది నాకు తెలుసు. గడియ నాలుక లోపల ఉండగానే గేటు వచ్చి మూసుకుంటే, వెనకున్న స్ప్రింగు దెబ్బకి గేటు వేలెడు వెనక్కి జరుగుతుంది. అప్పుడు నాలుక బయటికి వచ్చినా పట్టుకోదు. గేటు మూసినట్టే కనిపిస్తుంది, గడియ పడదు. టక్ మని వినిపించేదాకా చేత్తో పట్టుకుని ఉండాలి. శైలజకి అదే చెప్పాను. ఆమె అలాగే చేసేది.

ఆ బెల్ పెట్టెలో రెండు బటన్లు వచ్చాయి. ముందు తలుపుకొకటి, వెనక తలుపుకొకటి. ఒకటి శైలజకిచ్చాను. రెండోది ఇవ్వలేదు. ఉందని కూడా చెప్పలేదు.

ఎందుకు ఉంచుకున్నాను? పూల కోసం. నవ్వకండి. వాళ్ళ పెరట్లో గంధరాజం పొద ఉండేది, గులాబీలు ఉండేవి, చలికాలం ముందు చామంతులు విరగబూసేవి. మా పెరట్లో గడ్డి తప్ప ఏదీ బతికేది కాదు. శైలజ ఎప్పుడో చెప్పింది, "అడుగుడేందక్కా, దేవునికే గదా, తెంపుకో" అని. పూలకు సెలవిచ్చింది. గేటుకు ఇవ్వలేదు. ఆ తేడా నాకు తెలియదా? తెలుసు. అయినా తెల్లవారక ముందే తలంటుకుని, మడిబట్ట కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా పూలు కోసుకు రావడం మా అమ్మమ్మనాటి అలవాటు. ఆ వేళ వాళ్ళని లేపి గేటు తీయమనడమా? దేవుడి పూలకు దొంగతనం లేదని మనవాళ్ళు అంటారు కదా, పూలిచ్చిన ఇంటికి పూజలో సగం పుణ్యం అంటారు కదా, ఆ లెక్కన నేను శైలజకు మేలే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సులువుగా నమ్మానో! సజ్జ నిండా పూలు చూసి ఆమె కంచె మీంచి, సందుల్లోంచి అందినవే అనుకునేది. నేను అనుకోనిచ్చాను.

అది కార్తీక మాసం, సోమవారం. చలి గట్టిగా ఉంది. తడి జుట్టుతో వెళ్ళాను. గేటు గడియ గట్టిగా పడి ఉంది. బటన్ నొక్కాను, సజ్జ అంచుతో గేటు లాగి లోపలికి వెళ్ళాను, చామంతులు కోశాను. వచ్చేటప్పుడు మళ్ళీ నొక్కి, సజ్జతోనే తోసుకుని బయటికి వచ్చాను. గేటు నా వెనక మూసుకుంది.

చప్పుడు వినిపించలేదు.

నేను ఆగాను. ఈ మాట రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది. ఆగాను, విన్నాను, పడలేదని తెలిసింది. వెనక్కి తిరిగి చేత్తో ఒక్కసారి తోస్తే సరిపోయేది. కానీ మడిలో ఉన్నాను. అందరూ ముట్టుకునే గేటు అది, పక్కింటి కుక్క ఒళ్ళు రుద్దే గేటు. ముట్టుకుంటే మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకోవాలి. ఆ చలిలో. మిగతా రోజుల్లో మోచేతికి కొంగు చుట్టుకుని పట్టుకునేదాన్ని. ఆ రోజు సజ్జ చాలక కొంగు నిండా చామంతులు. దీపం పెట్టి వచ్చి చూద్దాంలే, ఇంతలో ఎవరు లేస్తారు అనుకున్నాను. అనుకుని మా ఇంట్లోకి వెళ్ళిపోయాను.

పూజలో కూర్చున్నాక గేటు సంగతి మరిచిపోయానా? మరిచిపోయి ఉంటే బావుండేది. మధ్యలో రెండుసార్లు గుర్తొచ్చింది. పూజ మధ్యలో లేవకూడదని లేవలేదు.

శైలజ కేక వినిపించింది. "అత్తమ్మా! అత్తమ్మా!" అని. నేను పూలు అక్కడే వదిలేసి చెప్పులు లేకుండా పరుగెత్తాను. సుధాకర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది. అతను గేటు వైపు కాదు, భార్య వైపు చూస్తున్నాడు.

మేమందరం వెతికాం. నేనూ వెతికాను, అందరికంటే గట్టిగా పిలుస్తూ. పోలీసులకి దొరికింది ఆవిడ. మా ఇళ్ళ వెనక వాననీళ్ళు చేరే గుంట ఉంది, దాని గట్టు కింద పడిపోయి ఉంది. తుంటి విరిగింది. ఒళ్ళు చల్లబడిపోయింది. స్ట్రెచర్ మీద పెడుతుంటే, ప్రేయర్ అయిపోయిందా అని అడిగింది.

బతికింది కదా అని నేను ఆ సాయంత్రం దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. కృతజ్ఞతతోనే కొట్టాను. ఇప్పుడు చూసుకుంటే నా కృతజ్ఞతంతా నాకు దాక్కునే చోటైపోయిందని తెలుస్తోంది. దణ్ణం పెడుతున్న మనిషిని ఎవరూ ప్రశ్నించరు.

ఇరుగుపొరుగుని పోలీసు ఆఫీసరు అడిగాడు. ఏమీ చూడలేదన్నాను. మా గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. వేరేవాళ్ళ ఇంటి గేటును దొంగతనంగా తెరిచిందని కేసు పెడితే? మమ్మల్ని వెనక్కి పంపిస్తే? మా ఆయన ఉద్యోగం? అలా భయపడ్డాను. ఆ భయం నిజమో కాదో ఎవర్నీ అడిగి తెలుసుకోలేదు. అడిగితే కాదంటారేమో, అప్పుడు నోరు మూసుకోవడానికి వేరే కారణం వెతుక్కోవాలి. గ్రీన్ కార్డు తర్వాత వచ్చింది కూడా. వచ్చాక నేను నోరు విప్పానా?

అయితే వీటన్నిటినీ మించిన తప్పు ఇంకోటుంది. మామ్మగారి ఆపరేషన్ అయిన రెండో రోజో మూడో రోజో, శైలజ మా వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అక్కా, గేటు మిషన్ నువ్వే పెట్టినవ్ గదా. ఒక్కసారి చూస్తవా? వైరేమన్నా ఖరాబైందేమో. దానంతట అదే తెరుసుకుందేమో."

"ఏమైంది, సుధాకర్ ఏమన్నా అన్నాడా?"

"ముందటి రోజు మాపటిల చెత్త డబ్బా పెట్టి నేనే వచ్చిన. వేసిననే అనిపిస్తుంది అక్కా. ఆయనేమో అనిపిస్తే సాలదు అంటుండు."

కరెంటు చూసే మీటర్ తీసుకుని వెళ్ళాను. డబ్బా విప్పాను. ఆమె పక్కనే నిలబడి నా మొహమే చూస్తోంది. వైర్లు బాగానే ఉన్నాయి, రిలే బాగానే ఉంది. ఏమీ పాడవలేదని విప్పకముందే నాకు తెలుసు. అప్పుడు ఒక్క అబద్ధం ఆడినా సరిపోయేది! "ఇందులోనే లోపం ఉందమ్మా, నా పొరపాటు" అంటే అది అబద్ధం కూడా కాదు. కెపాసిటర్ సంగతి చెప్పొచ్చు. సగం నిజంతోనే ఆమె బయటపడేది. నా రెండో బటన్ జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

అదీ చెప్పలేదు. నాన్న నేర్పిన పనిలో తప్పుందని నా నోటితో అనలేకపోయానా? డబ్బా విప్పి వేరేవాళ్ళకి చూపిస్తే, దీనికి ఇంకో బటన్ ఉండాలే అని ఎవరైనా అడుగుతారని భయపడ్డానా? రెండూ కావచ్చు. ఎంత తవ్వినా అడుగు కనబడదు.

"అంతా బాగానే ఉందమ్మా," అన్నాను.

"మంచిగ చూసినవా?"

"చూశాను."

ఆమె గేటుని ఒకసారి లాగి చూసింది. తర్వాత, "అంటే నేనే వెయ్యలే," అంది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "ఒక్కోసారి అవుతుంది. మనసులో పెట్టుకోకు," అన్నాను. ఓదార్చాను! ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకు థాంక్స్ చెప్పింది. నువ్వొక్కదానివే నన్ను తిట్టలేదక్కా అంది.

రెండో బటన్ని ఎక్కడో పెట్రోలు బంకు దగ్గర చెత్తలో పడేశాను. మళ్ళీ ఆ పెరట్లో పూలు కోయలేదు. అదేదో ప్రాయశ్చిత్తమైనట్టు.

మామ్మగారు మళ్ళీ ఇంటికి రాలేదు. ఆస్పత్రి నుంచి ముసలివాళ్ళని ఉంచుకుని చూసే నర్సింగ్ హోమ్‌కి పంపించారు. ఇంట్లో ఉంచుకుంటే మళ్ళీ ఇదే జరుగుతుందని సుధాకర్ తేల్చేశాడు. అక్కడి తిండి ఆవిడ ముట్టేది కాదు. శైలజ రోజూ పెరుగన్నం కలిపి తీసుకెళ్ళేది. కొన్నిసార్లు నా కారులోనే. కొన్నేళ్ళకి ఆవిడ అక్కడే పోయింది.

ఆ తర్వాత శైలజ తన చేతుల్ని తను నమ్మడం మానేసింది. స్టవ్ ఆర్పి, ఫోన్‌తో ఫొటో తీసుకునేది. కారు తాళం వేసి, సగం దూరం నడిచి వెనక్కి వెళ్ళేది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అందరం కలిస్తే సుధాకర్ పదిమందిలో, "మేడం, గేటేసినవా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ మాట మా వాళ్ళందరికీ ఊతపదమైపోయింది. ఎవరు ఏది మరిచిపోయినా, గేటేసినవా అనడం. ఒకసారి నేనూ నవ్వాను. నవ్వి, నా నవ్వు నేను విని, బాత్రూంలోకి వెళ్ళి నిలబడ్డాను.

వాళ్ళు మిషిగన్ వెళ్ళిపోయారు, ఫార్మింగ్టన్ హిల్స్‌కి. నాకు ఊపిరాడింది. సిగ్గుతో చెబుతున్నాను, దానికీ దేవుడికి దణ్ణం పెట్టాను. కానీ శైలజ ఫోన్ చేయడం మానలేదు. అక్కా అనడమూ మానలేదు.

డిపెండెంట్ వీసా మీద ఉన్న ఆడవాళ్ళు కూడా ఉద్యోగం చేసుకోవచ్చని పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు కదా, శైలజకీ వచ్చింది. ఆమె ఇండియాలో బీఎడ్ చేసింది. ఆ ఊళ్ళో చిన్నపిల్లల బడివాళ్ళు పిలిచి మరీ ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ సంగతి చెప్పడానికి నాకు ఫోన్ చేసింది. నేను సంతోషంతో అరిచాను.

"వద్దని చెప్పిన అక్కా," అంది మెల్లగా. "పిల్లల బడి అంటే గేటు ఉంటది గదా. నా అసుంటి దానికి ఒకరి పిల్లల్ని ఎట్ల అప్పజెప్తరు? నేను గేటు మరిచిపోయేదాన్ని."

 ఒక ముసలావిడ తుంటి విరగడానికి నా మడి కారణమని ఇన్నాళ్ళూ కుమిలాను. ఈ మనిషిని ఇన్నేళ్ళూ రోజూ విరుస్తూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఆ రోజూ ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. వారం రోజులు వంట చేయలేకపోయాను. మా ఆయన జ్వరమా అని అడిగాడు. ముందు ఆయనకి చెప్పాను. ఆయన టీవీ ఆపేసి, నా వైపు చూసి, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నిన్న మధ్యాహ్నం శైలజకి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో ఎన్నిసార్లు అనుకున్నానో, అదేదీ గుర్తు రాలేదు. బెల్ పెట్టెలో రెండు బటన్లు వచ్చాయి శైలజా అని మొదలుపెట్టాను. చివరిదాకా చెప్పాను.  

"ఉండు," అంది. సుధాకర్ని పిలిచింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టు తెలిసింది. "మళ్ళ చెప్పు. మొదటి నుంచి చెప్పు."

మళ్ళీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది. మడి సంగతి కూడా దాటవేయలేదు. అయ్యాక ఫోన్ పెట్టేశారు. ఇది రాసే వేళకి మళ్ళీ చేయలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మంచితనంతో సరే అంటుందేమోనని భయం. దానికి నేను తగను.

మరి మీకెందుకు చెబుతున్నానంటే, ఆ వేళాకోళం పదిమందిలో పుట్టింది, పదిమందిలోనే తిరిగింది. మీలో ఎవరైనా విని ఉండొచ్చు, నవ్వి కూడా ఉండొచ్చు. నా గురించి మీరేమనుకున్నా సరే. చెప్పేశాక, ఈ పొద్దున చాలా ఏళ్ళ తర్వాత నిండుగా ఊపిరి తీసుకున్నాను. ఇకముందు ఎవరైనా ఆ మాట అంటే మీరు ఒక్క సంగతి చెప్పండి. ముందురోజు సాయంత్రం శైలజ గేటు వేసింది. గట్టిగానే వేసింది. దానికి లోకంలో ఒక్కతే సాక్షి ఉంది, ఆ సాక్షిని నేను. తెరిచి ఉన్న గేటుకి ఎవరూ బటన్ నొక్కరు. ఆ ఉదయం నేను నొక్కాల్సి వచ్చింది.